రంగు వేయకుండా తీసిన బొమ్మ

మా ఇంట్లో నాకూ మా ఆయనకూ మధ్య నడిచినన్ని మాటలు ధర్మవరంలో ఏ మొగుడూ పెళ్ళాల మధ్యా నడిచి ఉండవు. కాకపోతే ఆ మాటలు రెండే. ఒకటి ‘తెగె’. రెండోది ‘అతికె’.

ఆయన మగ్గం గుంతలో కూర్చుని నేసేవాడు. నేను ఎదురుగా, నిలువు పోగులుగా పరిచిన పడుగుకు అవతలి కొసన, రాట్నం ముందు కూర్చుని చిన్న పుల్లలకు పోగెక్కించి కండెలు చుట్టేదాన్ని. పట్టుపోగు తలవెంట్రుక కన్నా సన్నం. మా సీమ గాలిలో తడి తక్కువ. ఎండాకాలం వచ్చిందంటే పోగులు పెళ్ళిలో అలిగే చుట్టాల్లాగా ఊరికే తెగిపోతాయి. గుంత చుట్టూ నీళ్ళు చల్లుతాం, తడిపిన గోనెపట్టాలు వేలాడదీస్తాం, అయినా తెగుతాయి. అవతలి కొసన తెగిన పోగు నేసేవాడికి కనపడదు, నాకు కనపడుతుంది. “తెగె మామా” అంటాను. ఆ మాటతో ఆయన కాళ్ళు తొక్కుడు పలకల మీద ఎక్కడివక్కడ ఆగిపోతాయి. అడ్డపోగు మోసే నాడె చేతిలో ఆగిపోతుంది. ఊపిరి కూడా ఆపేస్తాడు. నేను వంగి, తెగిన కొసకు కొత్త పోగు చేర్చి, వేళ్ళ మధ్య పురిపెట్టి, “అతికె” అనేదాకా ఆ మనిషి చెక్కిన బొమ్మే.

“పోగు పట్టుకునేది నేను. ఊపిరి బిగబట్టాల్సింది నేను. నడుమ నీకేం పనయ్యా?” అని పెళ్ళైన కొత్తలో అడిగాను.

“నేసిన బట్ట చుట్టుకునే దోనె నా కడుపుకు ఆనుకోని ఉంటాది గదే. నేను గాలి పీలిస్తే కడుపు ఉబ్బుతాది, దోనె కదులుతాది, ఆడ నీ చేతిలో పోగు జారుతాది. గాలంతా వదిలేసి గమ్మునుండల్ల. మా నాయన నేర్పినాడు.”

ఆయన వరసకు మా అమ్మకు తమ్ముడు. అందుకే మామ. పెళ్ళి కాకముందు నుంచీ మామే, అయ్యాకా మామే, పిలుపు మార్చుకునే శ్రమ నాకు తప్పింది. మాది ఉరవకొండ పక్క. శనక్కాయ చేలు, వానకోసం ఆకాశం చూసే మనుషులు. పెళ్ళై ధర్మవరం వచ్చాక నేను చూసిన నేత ఈయనొక్కడే. నేత అనగానే వేదికలెక్కి దండలేయించుకునే నాయకుడనుకునేరు. మా నేత ఏనాడూ వేదిక ఎక్కింది లేదు, గుంతలోకి దిగడమే ఎరుగును. మాకు పిల్లలు కలగలేదు. ఇల్లంతా కండెలే.

నాకు రాసే పిచ్చి ఒకటుంది. పదో తరగతి దాకా చదివిన తెలుగుని పనికి పెట్టాలని చిత్తుకాగితాల మీద ఏదో ఒకటి గీకేదాన్ని. కండెలు చుట్టే చెయ్యి కథలు చుట్టడం మొదలుపెట్టిందని మామ నవ్వేవాడు. “ఏమే, ఈ కండె ఇంత లావుండాది, పోగు చుట్టినావా, కథ చుట్టినావా?” అనేవాడు. నిజానికి ఆ కండె కన్నా నేనే లావు. ఆ మాట మాత్రం ఆయన ఎప్పుడూ అనలేదు, అనకుండా నవ్వేవాడు.

ఆ వేసవిలో మగ్గం మీద చిలకపచ్చ చీర ఉంది. ఎర్రటి అంచు. అంచుకు జరీ మామిడిపిందెలు. ఒక మధ్యాహ్నం నేస్తూ నేస్తూ మామ నాడె పక్కన పెట్టి ఎడమ భుజం రుద్దుకున్నాడు. ముఖం మీద చెమట పట్టింది. ఎండకు అందరికీ పట్టేదే కదా అనుకున్నాను.

“ఏమయ్యింది మామా?”

“గ్యాసు. పొద్దున ఆ ఉగ్గాని తినొద్దంటే వినకుండా రెండోసారి పెట్టించుకుంటి.”

సోడా తెచ్చిచ్చాను. గడగడా తాగి పెద్దగా తేన్చాడు. “పోయె చూడు” అన్నాడు. మళ్ళీ గుంతలోకి దిగాడు. పోయింది గ్యాసు కాదని, గుండెలో ఒక గోడంతా అని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. షుగరున్న వాళ్ళకు గుండెనొప్పి గట్టిగా తెలియకుండా వచ్చి పోతుందట. మా ఆయనకు షుగరూ ఉంది, నడుము నొప్పీ ఉంది. గుంతలో వంగి కూర్చునే వాళ్ళెవరికి లేదు నడుము నొప్పి! మందులషాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు మా వీధిలో చాక్లెట్ల కింద లెక్క. ఏళ్ళ తరబడి వాటిని మింగి మింగి మామ నడుమునేమో కాపాడుకున్నాడు, కిడ్నీలను పోగొట్టుకున్నాడు.

ఇవన్నీ అనంతపురంలో గుండె డాక్టరు చెప్పాడు. అప్పటికి మామకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. పడుకుంటే ఆయాసం. కాళ్ళు నీరుపట్టి ఉబ్బాయి. డాక్టరు గుండెను స్కాన్ చేశాడు, రక్తం పరీక్షలు చూశాడు, కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టాడు.

“ముందరి వైపు గోడ సరిగ్గా కదలడం లేదు. ఆ కండ ఇంకా బతికుండి, రక్తం అందక నిద్రపోతూ ఉండొచ్చు. అట్లయితే ఆపరేషన్ చేసి రక్తం అందిస్తే లేస్తుంది, మళ్ళీ పని చేస్తుంది. లేదా చచ్చిపోయి మచ్చకట్టి ఉండొచ్చు. అట్లయితే ఆపరేషన్ చేసినా ప్రయోజనం లేదు, ఈ కిడ్నీలతో ప్రాణానికే ప్రమాదం. ఏదో ముందు తెలియాలి. ఎమ్మారై తీయించాలి.”

నాకు ఎమ్మార్వో తెలుసు గానీ ఎమ్మారై తెలియదు. రెండు చోట్లా వరసలో కూర్చోవాలని మాత్రం తర్వాత తెలిసింది. కండెల మనిషిని, కండల సంగతి నాకేం తెలుసు? అర్థమైనంతలో అర్థమైంది ఒకటే. కండ బతికుంటే మామ బతుకుతాడు.

“మామూలుగా ఒక రంగు మందు నరంలోకి ఎక్కించి తీస్తారు. మచ్చ ఉన్న చోట అది నిలిచిపోయి తెల్లగా మెరుస్తుంది. కానీ ఈయన కిడ్నీలు ఆ మందును బయటికి తోయలేవు. లోపలే ఉండిపోతే వేరే కష్టాలు. రంగు మందు లేకుండా తీసే పద్ధతి ఒకటుంది. బెంగళూరులో చేస్తారు, రాసిస్తాను” అన్నాడు డాక్టరు.

అంతదాకా నేల చూస్తూ కూర్చున్న మామ తలెత్తాడు. “రంగు వేయకుండా యాడైనా తెలుస్తాదా సార్?”

డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పట్టు ఊరకే తెల్లగా ఉన్నప్పుడు అన్ని పోగులూ ఒకటిగానే ఉంటాయి. రంగు తొట్టిలో ముంచి తీశాకే ఏది బాగా పీల్చుకుంది, ఏది చారలు కట్టింది అని తెలిసేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మామ అదే మాట మళ్ళీ అన్నాడు.

“నన్ను ఉత్త తెల్లపోగు మాదిరే చూస్తారంట. చూడుపో, అంతా బాగుందనే చెప్తారు.”

“నీ నోటి మాట నిజం కాని” అన్నాను.

బెంగళూరుకు పొద్దున్నే రైలెక్కాం. డబ్బాలో చిత్రాన్నం పెట్టుకున్నాను. పెనుకొండ దాటేదాకా మామ చీర గురించే మాట్లాడాడు. పచ్చచీర సగం అయింది, కొంగు ఇంకా మొదలే పెట్టలేదు. ఆపరేషన్ అయ్యాక ఒక నెల పండుకుంటే చాలు, లేచి నేసేస్తానని. కిటికీ బయట వాన పడని చేలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. “చూడు, అంచు ఉండాది, చీర యాడ?” అన్నాడు. నవ్వాను. నవ్వించడానికే అన్నాడు మరి.

ఆసుపత్రి పెద్దది. అక్కడి డాక్టరమ్మ మాకు ఓపిగ్గా చెప్పింది. మన ఒంట్లో ఉన్న నీటికణాలు ఆ పెద్ద అయస్కాంతం ముందు వరసగా సర్దుకుంటాయట. మిషను వాటిని ఒకసారి తట్టి కదిలిస్తుంది, వదిలేస్తుంది. అవి మళ్ళీ తమ వరసలోకి వచ్చి నిలబడడానికి కొంత సమయం పడుతుంది. మంచి కండకు పట్టే సమయం ఒకటి. దెబ్బతిన్న కండకు, మచ్చకట్టిన కండకు ఇంకా ఎక్కువ. ఆ సమయాలను కొలిచి మిషనే రంగులుగా మార్చి బొమ్మ గీస్తుంది. ఒంట్లోకి ఏ రంగూ ఎక్కించే పని లేదు.

ఎవరినైనా ఒకసారి కదిలించి వదిలేస్తే, దెబ్బతిన్నవాళ్ళు కుదురుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఇది తెలుసుకోవడానికి అంత మిషను కావాలా అనుకున్నాను. పైకి మాత్రం అర్థమైనట్టు తల ఊపాను. అర్థం కాకపోయినా తల ఊపడంలో నాకు మంచి అనుభవం ఉంది, అత్తగారింట్లో నేర్చిన విద్య.

మిషను నడిపేది ఒక అమ్మాయి. సరిహద్దులోని చింతామణి ఊరి దగ్గరి పిల్ల, తెలుగు తీయగా మాట్లాడుతుంది. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదంది. మామ మొలతాడు తీసేశాడు, దానికున్న తాయెత్తు తీసేశాడు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి, “వేళ్ళ సందుల్లో జరీ పొడి ఉంటాదేమోమ్మా. మిషను నన్ను లాక్కుంటాదా?” అని అడిగాడు.

“లాక్కోదు అంకుల్. లాక్కుంటే అక్క పట్టుకుంటారు” అందా పిల్ల.

“ఆ యమ్మ పట్టుకుంటే మిషనే వచ్చేస్తాది” అన్నాడు మామ నన్ను చూసి. మొదటిసారి నా బరువు మాట ఎత్తాడు, అదీ బెంగళూరుకొచ్చి. కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది.

ఛాతీకి తీగలు అంటించి, పైన ఒక పలక కట్టి, చెవులకు మాటలు వినపడే డిప్పలు పెట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పి ఆయన్ను గొట్టంలోకి పంపారు. నన్ను బయటికి పొమ్మన్నారు గానీ, ఒంటరిగా భయపడతాడేమో అని నేను గునిస్తే, అద్దం వెనకాల గదిలో ఆ పిల్ల పక్కన ఒక స్టూలు వేశారు.

మిషను మొదలైంది. టక్ టక్ టక్ టక్. అద్దం ఇవతలికి కూడా వినపడుతోంది. నా గుండె ఆ దెబ్బలకు ఉలిక్కిపడింది, తర్వాత ఎందుకో కుదుటపడింది. ఎందుకో నాకే తెలియలేదు.

“గాలి వదలండి అంకుల్... ఆపండి... ఆపండి...” అందా పిల్ల మైకులో. తెర మీద బొమ్మ వచ్చింది. పిల్ల ముఖం చిట్లించింది. మళ్ళీ చెప్పింది. మళ్ళీ తీసింది. మళ్ళీ అదే.

“బొమ్మంతా అలుక్కుపోతాంది అక్కా. కదులుతాండారు. అంకుల్, కదలొద్దు!”

“కదల్లేదమ్మా నేను” అని లోపలినుంచి మామ గొంతు వచ్చింది. అబద్ధం చెప్పే గొంతు కాదది.

నేను లేచి అద్దం దగ్గరికి పోయాను. గొట్టం ఇవతల దుప్పటి కింద ఆయన పాదాలు కనపడుతున్నాయి. మిషను మళ్ళీ టక్ టక్ అనడం మొదలుపెట్టగానే దుప్పటి కదిలింది. కుడికాలు కిందికి, ఎడమకాలు పైకి. ఎడమకాలు కిందికి, కుడికాలు పైకి. మిషను దెబ్బకు ఒక తొక్కుడు. మోకాళ్ళతో పాటు నడుమూ, నడుముతో పాటు ఛాతీ.

ఆయన నేస్తున్నాడు.

నా గుండె ఎందుకు కుదుటపడిందో అప్పుడు తెలిసింది. పెళ్ళైనప్పటి నుంచీ నేను విన్న చప్పుడే అది, మా ఇంటి చప్పుడు.

“కాళ్ళు కట్టేద్దామా?” అందా పిల్ల. కట్టింది కూడా, మెత్తటి పట్టీతో. పట్టీ కింద తొడలు బిగుసుకుని అదురుతూనే ఉన్నాయి. ఆయనకు తెలిసి చేస్తే కదా మానడానికి! పైగా “ఊపిరి ఆపండి” అంటే భయంతో గట్టిగా పీల్చేసి, సగంలోనే దగ్గి వదిలేస్తున్నాడు. ఆయాసం మనిషి, ఎంతసేపని ఆపగలడు? ఈ రోజుకు కుదరకపోతే మందులు మార్చి ఇంకోరోజు చూడాలేమో అని డాక్టరమ్మకు ఫోన్ చేయబోయింది పిల్ల.

“ఒకసారి నన్ను చెప్పనిస్తావామ్మా?” అన్నాను.

“ఏం చెప్తారు?”

ఏం చెప్తానో ఆ పిల్లకు ఎట్లా చెప్పను? పాపం, మళ్ళీ అడగకుండానే మైకు నా వైపు తిప్పింది. మిషను మొదలుపెట్టింది. టక్ టక్ టక్. దుప్పటి కదలడం మొదలైంది.

“తెగె మామా” అన్నాను.

దుప్పటి ఆగిపోయింది.

పాదాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి, ఒకటి రవంత పైకి, ఒకటి రవంత కిందికి. తెర మీద ఊపిరి చూపించే గీత కిందికి దిగి, అక్కడే బల్లపరుపుగా సాగింది. పిల్ల నోరు తెరిచి నా వైపు చూసింది. చేతులు మాత్రం మీటల మీద చకచకా పోతున్నాయి. ఆ గీత కదల్లేదు. నాలుగడుగులకే రొప్పే మనిషి, గాలంతా వదిలేసి, నేను పోగు వెతుక్కుంటున్నానని, పురిపెడుతున్నానని, నా చెయ్యి జారకూడదని అట్లా పడుకుని ఉన్నాడు.

పిల్ల వేలెత్తి సైగ చేసింది.

“అతికె” అన్నాను.

గీత లేచింది. పాదాలు మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాయి.

అట్లా తీశాం. ప్రతి బొమ్మకూ నేను తెగె అన్నాను, అతికె అన్నాను. ఒక్కో కోణం నుంచి ఒక్కో బొమ్మ. చివరికి వచ్చేసరికి ఆ పిల్ల కూడా నాతోపాటు ఊపిరి బిగబట్టేస్తోంది. “భలే ఉందక్కా మీ మంత్రం” అని నవ్వింది. “బొమ్మలు శానా బాగా వచ్చినాయి. ఇంత క్లియర్‌గా నాకెప్పుడూ రాలేదు.”

బాగా వచ్చినాయి అంది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను బయటికి పరుగెత్తాను. చొక్కా తొడుక్కుంటున్న మామతో, “బాగా వచ్చిందంట మామా! శానా బాగుందంట!” అన్నాను.

“చెప్పలా నేను?” అన్నాడు. కళ్ళు మెరిశాయి. “మధ్యలో నువ్వు తెగె తెగె అంటావుంటే నేను మగ్గం మీదే ఉండాననుకుంటినే. బెంగళూరులో కూడా నీకు తెగిన పోగులేనా?”

ఎదురుగా హోటల్లో మసాలా దోసె తిన్నాం. ఉప్పు తగ్గించమన్నారని చట్నీ నేను నా పళ్ళెంలోకి మార్చుకున్నాను. ఆయన నా పళ్ళెంలోంచి దొంగతనంగా తీసుకున్నాడు, నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆ దోసె రుచి నాకింకా నోట్లో ఉంది. మేమిద్దరం కలిసి సంతోషంగా తిన్న ఆఖరి తిండి అది. బొమ్మ బాగా రావడం వేరు, బొమ్మలో ఉన్నది బాగుండడం వేరు. ఇన్నాళ్ళూ కాగితాల మీద రాసిన దాన్ని, ఆ తేడా నాకు తెలియాల్సింది.

సాయంత్రం డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి కంప్యూటరు మా వైపు తిప్పింది. నల్లటి తెర మధ్యలో గాజులా ఒక గుండ్రటి రింగు. అది అడ్డంగా కోసినట్టు కనపడే గుండె. రింగులో ఒక పక్క చక్కటి పచ్చరంగు. మరో పక్క ఎరుపు.

మామ ముందుకు వంగాడు. “ఏమే, ఇది మన మగ్గం మీద చీరే గదా. పచ్చచీర, ఎర్రంచు. ఈల్లకెట్ల తెలిసె?”

డాక్టరమ్మకు నవ్వు రాలేదు. పచ్చగా ఉన్నది మంచి కండ అంది.

“ఎరుపు?”

“దెబ్బతిన్నది. ఇక్కడ గోడ పల్చబడిపోయింది కూడా. అసలు కదలడం లేదు.”

మామ ఇంకాసేపు చూశాడు. చీర నాణ్యం చూసే చూపది. వేలు తెరకు ఆనీ ఆనకుండా పెట్టి ఎర్రరంగు మీదుగా మెల్లగా జరిపాడు. వేలు చాలా దూరం పోవాల్సి వచ్చింది.

“అంచు శానా లోపలికి వచ్చేసిండాది తల్లీ” అన్నాడు.

“అవునండీ” అందామె.

రంగు మందు ఇచ్చి తీసిన బొమ్మంత కచ్చితంగా ఇది ప్రతి అంగుళం చెప్పదని, అయితే పాత స్కానింగులతో కలిపి చూస్తే అనుమానం పెద్దగా లేదని, కండ నిద్రపోవడం లేదని, ఆపరేషన్ వల్ల మేలు కన్నా చెడే ఎక్కువని మెల్లమెల్లగా చెప్పింది. మందులు వాడమంది. నీళ్ళు కొలిచి తాగమంది. మగ్గం తొక్కొద్దంది.

“రోంత రోంత తొక్కితే?”

“వద్దండీ.”

తిరుగు రైలు ఎక్కాం. హిందూపురం దగ్గర మామే అన్నాడు. “బొమ్మ సరిగ్గా రాకపోయింటే ఇంకో నెల నమ్మకంతో ఉందుము గదే.” నింద కాదది, ఊరికే అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. నా గొంతుతోనే ఆయన్ను కదలకుండా నిలబెట్టాను. నిలబెట్టి ఆ ఎరుపును కళ్ళారా చూశాను. తెలియడం మంచిదా తెలియకపోవడం మంచిదా అని ఎవరైనా అడిగితే నేను మళ్ళీ తల ఊపుతాను, ఎటువైపు ఊపుతానో నాకే తెలియదు.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు మామ మగ్గం ఉన్న గదిలోకే రాలేదు. తర్వాత వచ్చి గుంత అంచున కాళ్ళు వేలాడేసి కూర్చునేవాడు. సగంలో ఆగిన పచ్చచీరకు దుమ్ము పట్టకుండా పాత పంచె కప్పి ఉంది. ఒక పొద్దున నేను ఆ పంచె తీసేసి, చీర చెంగు బిగించి, గుంతలోకి దిగాను.

“ఏం చేస్తాండావే?”

“నేస్తాండా.”

“నువ్వా?” నన్నూ గుంతనూ మార్చి మార్చి చూశాడు. “గుంత ఇంకోరోంత తవ్వల్లేమో.”

“తవ్వు మల్ల. గునపం తేనా?”

నవ్వాడు. బెంగళూరు నుంచి వచ్చాక మొదటిసారి. నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు ఆగాక రాట్నం దగ్గరికి పోయి నా పీట మీద కూర్చున్నాడు. కండె తగిలించాడు. అట్లా చోట్లు మారాం.

నేను నేయడం రాని దాన్ని కాదు, బాగా నేయడం రానిదాన్ని. నాడె ఒక పక్కకు వేస్తే ఇంకో పక్కకు పోయేది. అంచు వంకర్లు పోయింది. “అది అంచా, చిత్రావతి ఏరా?” అని అవతలి కొసనుంచి మామ. “ఏట్లో నీళ్ళు లేవు గదా, అట్లయినా పారనీ” అని నేను. పగలంతా ఇదే గోల. ఆయన చుట్టిన కండెలు నావాటికన్నా నున్నగా, సన్నగా ఉండేవి. నలభయ్యేళ్ళు నేసినోడు కండె చుట్టడంలోనూ నన్ను ఓడించాడు. ఇక నేను దేంట్లో గెలవాలి?

పోగు తెగినప్పుడు ఇప్పుడు ఆయన చెప్పేవాడు. “తెగె పిల్లా.” నేను కాళ్ళు ఆపేసేదాన్ని. గాలి వదిలేసి ఊపిరి ఆపేసేదాన్ని. ఆయన పీట మీద నుంచి లేవకుండా ముందుకు వంగి, తీరిగ్గా, రొప్పుతూ, కొసలు వెతుక్కుని పురిపెట్టేవాడు. నాకు ముఖం ఎర్రబడిపోయేది. “ఇంకా కాలేదా మామా?” అని అడగాలంటే ఊపిరి వదలాలి, వదిలితే పోగు జారుతుంది. ఆయన మగ్గంలో ఇన్నేళ్ళు నాకోసం ఎట్లా కూర్చున్నాడో అప్పుడు తెలిసింది. చివరికి “అతికె” అనేవాడు. ఒక్కోసారి అతికాక కూడా కావాలనే చెప్పకుండా నా అవస్థ చూస్తూ ఉండేవాడు. నా బుగ్గలు ఉబ్బిపోతే అప్పుడు పకపకా నవ్వి చెప్పేవాడు.

చలికాలం పోయింది. చీర ఒంటిభాగం అయిపోయి కొంగు మొదలైంది. మామ కాళ్ళ వాపు మోకాళ్ళ దాకా వచ్చింది. అనంతపురం డాక్టరు మాత్రలు పెంచాడు, తర్వాత పెంచడం మానేశాడు. మామ మాత్రం పొద్దున్నే లేచి రాట్నం దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. పండుకో మామా అంటే, “పండుకుంటే ఆయాసం, కూర్చుంటే కండె. ఏది మేలు?” అనేవాడు.

కొంగు పూర్తికావస్తున్న ఒక మధ్యాహ్నం. బయట ఎండ అప్పుడే ముదురుతోంది. గోనెపట్టాలు తడిపి కట్టాను. రాట్నం కిర్రుమంటోంది, నేను తొక్కుతున్నాను. రాట్నం ఆగింది.

“తెగె పిల్లా” అన్నాడు.

ఆపేశాను. గాలంతా వదిలేశాను. కాళ్ళు ఒకటి పైకి, ఒకటి కిందికి. నాడె చేతిలో. పడుగు పోగుల అవతల ఆయన ముందుకు వంగడం, తల కిందికి దించుకోవడం కనపడింది. కొసలు వెతుక్కుంటున్నాడు అనుకున్నాను. పురిపెడుతున్నాడు అనుకున్నాను. అతికి ఉంటుంది, నన్ను ఏడిపించడానికి ఊరుకున్నాడు అనుకున్నాను. నవ్వొచ్చింది, ఆపుకున్నాను, నవ్వితే దోనె కదులుతుంది. చెవులు గింగురుమన్నాయి. కళ్ళ ముందు పచ్చరంగూ ఎర్రరంగూ కలిసిపోయాయి. చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని, నేను ఆపగలిగినంత సేపూ ఆపాను.

గుంతలోంచి పైకి వచ్చి అవతలి కొసకు పోయి చూశాను. ఆయన నుదురు పడుగు కింది కట్టెకు ఆని ఉంది. బొటనవేలూ చూపుడువేలూ ఇంకా కలిసే ఉన్నాయి. వాటి మధ్య పోగు ఉంది. మెల్లగా వేళ్ళు విడదీసి, ఆ పోగును లాగి చూశాను.

అతికి ఉంది. చెప్పడం ఒక్కటే మిగిలింది.

“అతికె మామా” అన్నాను నేనే.